ఎనిమిది గంటల అల్లరి

1902 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ఊరి పేపర్లో ఓ మూల చిన్న ప్రకటన పడింది. కాలేజీ విద్యార్థులకీ, బడి పిల్లలకీ లెక్కలూ ఫిజిక్సూ శ్రద్ధగా చెప్పబడును, నమూనా పాఠం ఉచితం, ఫలానా వీధిలో మొదటి అంతస్తులో సంప్రదించవలెను అని. వేయించిన కుర్రాడికి 22 ఏళ్లు. డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నర దాటింది. తనతో పాటు పాసైన ముగ్గురికీ కాలేజీలోనే అసిస్టెంటు ఉద్యోగాలు దొరికాయి, ఇతనికి దొరకలేదు. ప్రొఫెసర్లకి ఉత్తరాలు రాశాడు, లాభం లేకపోయింది. రెండు ఊళ్లలో కొన్నాళ్లు టెంపరరీ పంతులుగా పనిచేశాడు. స్నేహితుడి తండ్రి ఒకాయన పేటెంట్ ఆఫీసులో మాట సాయం చేశాడు గానీ ఆ పోస్టు ఎప్పుడు పడుతుందో తెలీదు. ఈలోపు అన్నం తినాలిగా మరి! అందుకని ట్యూషన్లు.

పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్.

ఇక్కడికి రాగానే మా మనవరాలు పెదవి విరిచింది. "మళ్లీ ఆయనేనా తాతయ్యా!" అంది. ఆ తెల్లజుట్టు ముసలాయన్ని కాసేపు మర్చిపో తల్లీ, నేను చెప్పేది నల్లజుట్టు నిరుద్యోగి సంగతి, నీ కంటే రెండేళ్లు పెద్దవాడు, అంతే, అన్నాను.

అసలు ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఆ పిల్ల హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. చిన్నప్పటినుంచీ బొమ్మలు వేస్తుంది. బొమ్మల కథ ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపేసింది. సెలవులకి వచ్చి, ఉయ్యాల బల్ల మీద కూర్చుని అడిగింది. "హాస్టల్లో అందరితో కలిసి తిరిగితే బొమ్మ సాగదు తాతయ్యా. తలుపేసుకుని కూర్చుంటే వీళ్లంతా నన్నొదిలేసి ఎటో వెళ్లిపోతున్నారని దిగులు. ఈ రెండింటి మధ్యా చదువు అలాగే ఉండిపోతుంది. మీ రోజుల్లో ఈ గొడవ ఉండేది కాదేమో" అని. మా రోజుల్లోనూ ఉండేదమ్మా. కాకపోతే కూర్చుని దిగులుపడే తీరిక ఉండేది కాదు.

సరే, ప్రకటన చూసి ఎవరొచ్చారు? మోరిస్ సోలొవీన్ అని రుమేనియా నుంచి వచ్చిన కుర్రాడు. తత్వశాస్త్రం చదువుకుంటున్నాడు, ఫిజిక్స్ కూడా తెలుసుకోవాలని కోరిక. వచ్చాడు, కూర్చున్నాడు. రెండు గంటలు మాట్లాడుకున్నారు. వెళ్లొస్తానని లేస్తే పంతులు గారు వీధి దాకా సాగనంపడానికి వచ్చి అక్కడ నిలబడి ఇంకో అరగంట. రెండు మూడు సార్లు ఇలా జరిగాక ఐన్‌స్టీన్ అన్నాడట, నీకు పాఠాలెందుకులే, ఊరికే వస్తూ ఉండు, మాట్లాడుకుందాం అని. వచ్చే కాస్త ఆదాయం అలా పోగొట్టుకున్నాడు మహానుభావుడు. కొన్నాళ్లకి కాన్రాడ్ హబిష్ట్ అనే లెక్కల విద్యార్థి వాళ్లతో కలిశాడు.

ముగ్గురూ కలిసి తమ జట్టుకి 'ఒలింపియా అకాడమీ' అని పేరు పెట్టుకున్నారు. పెద్ద పెద్ద గడ్డాల పండితులు కూర్చునే అకాడమీలని వెక్కిరించడానికి పెట్టిన పేరది. అధ్యక్షుడు ఐన్‌స్టీన్. సాయంత్రం ఎవరో ఒకరి గదిలో చేరేవాళ్లు. భోజనం అంటే ఇంత సాసేజి, ఓ చీజు ముక్క, పండు, కాస్త తేనె, టీ. తిన్నాక పుస్తకం తీసేవాళ్లు. హ్యూమ్, స్పినోజా, మాఖ్, మిల్, పియర్సన్. మధ్యలో సోఫొక్లీస్ నాటకం, డాన్ క్విక్సోట్ నవల. ఒక పేజీ చదవడం, కొన్నిసార్లు అరపేజీ, ఇంకొన్నిసార్లు ఒక్క వాక్యం, ఇక దాని మీద వాదన. విషయం గట్టిదైతే ఆ వాదన రోజుల తరబడి నడిచేది. హెన్రీ పాంకరే రాసిన 'సైన్సు, ఊహ' అనే పుస్తకం వాళ్లని వారాల తరబడి ఊపిరి తిప్పుకోనివ్వలేదని సోలొవీన్ తర్వాత రాసుకున్నాడు. కాలం అంటే ఏమిటి, రెండు చోట్ల రెండు సంగతులు 'ఒకేసారి' జరిగాయని మనకెలా తెలుస్తుంది అనే ప్రశ్నలు ఆ పుస్తకంలో ఉన్నాయి. మూడేళ్ల తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనకి ఇది చదివితే ఒళ్లు ఝల్లుమంటుంది. వాళ్లకి మాత్రం అప్పటికి అదొక పుస్తకం, అంతే.

మరీ ఇంత గంభీరంగా కూర్చున్నారనుకోకండి. ఐన్‌స్టీన్ పుట్టినరోజుకి సోలొవీన్ ఒక తమాషా చేశాడు. కొట్టు అద్దాల్లో కేవియర్ అని ఖరీదైన చేపగుడ్లు కనపడితే, ఈ దరిద్రుడు జన్మలో రుచి చూసి ఉండడులే అని డబ్బు కూడగట్టి కొని పళ్లెంలో పెట్టాడు. ఆ రాత్రి చర్చ గెలీలియో జడత్వ నియమం మీద. అధ్యక్షుల వారు జడత్వం గురించి చెప్పుకుంటూ చెప్పుకుంటూ చేపగుడ్లన్నీ నోట్లో వేసుకున్నారు. అంతా అయ్యాక, ఇంతకీ తిన్నదేమిటో తెలుసా అని అడిగితే, ఏమిటీ అన్నాడు. కేవియర్ బాబూ అన్నారు. ఓహో, అదేనా ఇది అని ఆశ్చర్యపోయాడట.

ఇంకోసారి సోలొవీన్ గదిలో సమావేశం. ఆ రాత్రే ఊళ్లో మంచి సంగీత కచేరీ ఉంది. సోలొవీన్ మనసు అటు లాగింది. కోడిగుడ్లు ఉడకబెట్టి బల్ల మీద పెట్టి, మిత్రులకి గుడ్లూ నమస్కారాలూ అని లాటిన్‌లో చీటీ రాసి, కచేరీకి చెక్కేశాడు. వీళ్లిద్దరూ వచ్చి గుడ్లు తిన్నారు. సోలొవీన్‌కి పొగాకు వాసన గిట్టదు. అది తెలిసి ఒకడు పైపు, ఇంకొకడు చుట్ట ముట్టించి గది నిండా దట్టంగా పొగ పట్టించి, సామానంతా మంచం మీద గుట్టగా పోసి, మిత్రుడికి పొగా నమస్కారాలూ అని గోడకి చీటీ పెట్టి వెళ్లారు. మర్నాడు ఐన్‌స్టీన్ పట్టుకుని చీవాట్లు పెట్టాడు. కచేరీకి పోవడం తప్పని కాదు, అకాడమీ ఎగ్గొట్టడం నేరమని. ఇదిగో, ఈ కాస్త పట్టింపు చూశారూ, దీన్ని గుర్తుంచుకోండి. స్నేహానికి కూడా హాజరు వేసుకున్న మనుషులు వాళ్లు.

1902 జూన్‌లో పేటెంట్ ఆఫీసు ఉద్యోగం వచ్చింది. మూడో తరగతి సాంకేతిక నిపుణుడు, ఏడాదికి 3,500 ఫ్రాంకులు. రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు. ఎవరో కొత్తగా కనిపెట్టామని పంపిన యంత్రాల నమూనాలు చూసి, ఇందులో కొత్తదనం ఉందా లేదా అని తేల్చడం పని. తన లెక్కల కాగితాలు కూడా ఆఫీసుకి తెచ్చుకునేవాడు. అడుగుల చప్పుడు వినిపిస్తే సొరుగులోకి తోసేసేవాడు. అది మంచి అలవాటని చెప్పను గానీ, జరిగిందదే. 1903 జనవరిలో పెళ్లి. సాక్షి సంతకాలు అకాడమీ సభ్యులిద్దరివీ. 1904 మేలో కొడుకు పుట్టాడు. ఉద్యోగం, సంసారం, చంటిపిల్లాడు, స్నేహితులు, ఫిడేలు, వీటన్నిటి మధ్యా 1905లో ఒక్క ఏడాదిలోనే కాంతి గురించి, అణువుల కదలిక గురించి, సాపేక్షత గురించి, చివరికి ద్రవ్యరాశీ శక్తీ ఒకటేనని నాలుగు పత్రాలు. మధ్యలో పీహెచ్‌డీ థీసిస్ కూడా.

ఆ ఏడాదే అతను హబిష్ట్‌కి రాసిన ఉత్తరం ఒకటుంది. హబిష్ట్ అప్పటికి బెర్న్ వదిలి వెళ్లాడు. నువ్వూ మా పేటెంట్ ఆఫీసుకి రాకూడదూ, రోజుకి ఎనిమిది గంటల పనే, ఇంకో ఎనిమిది గంటలు అల్లరికి మిగులుతాయి, ఆదివారం ఉండనే ఉంది అని ఊరించాడు అందులో. నాకు ఈ లెక్క మహా ముచ్చటగా ఉంటుంది. ప్రపంచాన్ని తలకిందులు చేసిన పనిని అతను 'పని' ఖాతాలో రాసుకోలేదు, అల్లరి ఖాతాలో వేసుకున్నాడు.

"అంటే రోజుని మూడు ముక్కలు చేసుకోమంటారా?" అంది మా పిల్ల వెంటనే, ఫోన్‌లో క్యాలెండర్ తెరుస్తూ. నాలుగు రంగులు పెట్టి గళ్లు నింపేలా ఉంది. ఆగమ్మా. గంటలు పంచడం కాదు నేను చెప్పేది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడు.

1905 మే నెలలో ఏం జరిగిందో చూద్దాం. అకాడమీ అప్పటికి చెదిరిపోతోంది. కానీ మిషెల్ బెసో అని జూరిక్ రోజుల స్నేహితుడు అంతకు ముందు ఏడే అదే పేటెంట్ ఆఫీసులో చేరాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తూ మాట్లాడుకునేవాళ్లు. కాంతి వేగం గురించిన చిక్కుముడి ఒకటి ఐన్‌స్టీన్‌ని దాదాపు ఏడాదిగా వేధిస్తోంది. ఒక రోజు బెసో దగ్గర కూర్చుని ఆ చిక్కునంతా మూల మూలలా విప్పి చెప్పాడు. తేలలేదు. ఇంటికి పోయాడు. మర్నాడు బెసో కనపడగానే, ఎలా ఉన్నావు అనైనా అడక్కుండా, థాంక్యూ, నా లెక్క పూర్తిగా తేలిపోయింది అన్నాడు. కాలాన్ని గురించే మనం తప్పుగా అనుకుంటున్నామన్నది ఆ రాత్రి తట్టిన సంగతి. ఈ ముచ్చట 1922లో జపాన్‌లోని క్యోటోలో ఉపన్యాసం ఇస్తూ అతనే చెప్పాడు. అక్కడినుంచి అయిదు వారాల్లో పత్రం రాసేశాడు. ఆ పత్రం చివర ఎవరి గ్రంథాల పట్టికా లేదు. ఒకే ఒక్క మనిషికి కృతజ్ఞత ఉంది, బెసోకి.

ముందు మాట, తర్వాత ఒంటరి రాత్రి, ఆ తర్వాత మళ్లీ మాట. మా ఇంట్లో మీ బామ్మ రోజూ చేసేది ఇదే. పాలు గోరువెచ్చగా చేసి ఒక చెంచాడు తోడు వేస్తుంది. ఇంట్లో లేకపోతే పక్కింటికి గిన్నె పంపుతుంది. తోడు వెయ్యకుండా పాలని రాత్రంతా వదిలేస్తే అవి పెరుగు కావు, ఖర్మ కాలితే విరుగుతాయి. ఆ చెంచాడులో ఉన్న లాక్టిక్ బ్యాక్టీరియా పాలలోని చక్కెరని తిని ఆమ్లం చేస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ కేసీన్ అనే ప్రొటీను రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని మెత్తటి వలగా అల్లుకుంటాయి. ఆ అల్లిక జరుగుతున్నంతసేపూ గిన్నె కదపకూడదు. అయిందా అయిందా అని మాటిమాటికీ చెంచా పెట్టి చూస్తే వల తెగి నీళ్లు వేరవుతాయి. చెంచాడు తోడు చాలు, చెంబుడు వేస్తే పులుపెక్కుతుంది. తోడు ఇంకొకళ్ల ఇంటి నుంచి రావచ్చు, తోడుకోవడం మాత్రం మన గిన్నెలో, మూత కింద. సోలొవీన్, హబిష్ట్, బెసో వేసింది ఆ చెంచాడు.

ఇది నేను ఒక్క మనిషి కథ పట్టుకుని కట్టిన సిద్ధాంతం కాదు. కొలిచిన వాళ్లున్నారు.

అమెరికాలో రీడ్ లార్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పద్ధతి వాడాడు. పదేళ్ల నుంచి పద్నాలుగు పదిహేనేళ్ల దాకా ఉన్న పిల్లల దగ్గర పేజర్లు ఉంచాడు. అవి రోజులో ఏ వేళనైనా మోగుతాయి. మోగినప్పుడు ఎక్కడున్నాను, ఎవరితో ఉన్నాను, మనసెలా ఉంది అని పిల్లలు రాసుకోవాలి. 1997లో ఫలితాలు ప్రచురించాడు. పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు మనసు కాస్త దిగులుగానే ఉంది. అయితే పెద్ద తరగతుల పిల్లల్లో, ఒంటరిగా గడిపి బయటికొచ్చాక మనసు మునుపటి కంటే బాగుంది. ఇంకో సంగతి, అస్సలు ఒంటరిగా ఉండని వాళ్ల కంటే, ఎప్పుడూ ఒంటరిగా ఉండే వాళ్ల కంటే, ఓ మోస్తరుగా ఏకాంతం ఉన్న పిల్లలే కుదురుగా ఉన్నారు. చూశావా అమ్మాయ్, తలుపేసుకోగానే కలిగే దిగులు నీ ఒక్కదానిదే కాదు. తలుపు తీసుకుని బయటికొచ్చాక ఎలా ఉందన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏకాంతం అంటే మనిషికి ఎంత ఇబ్బందో తెలియాలంటే 2014లో వర్జీనియా యూనివర్సిటీలో టిమోతీ విల్సన్ బృందం చేసిన పని చూడాలి. ఒక ఖాళీ గదిలో 15 నిమిషాలు ఊరికే కూర్చుని ఆలోచించుకోమన్నారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది, నొక్కితే చిన్న కరెంటు షాకు. ఇంత డబ్బిచ్చి అయినా తప్పించుకుంటామని వాళ్లే ముందు చెప్పిన షాకు అది. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ మీట నొక్కుకున్నారు. పావుగంట! మన జేబులో ఇప్పుడు నొప్పి లేని మీట ఒకటి ఉంది, అందుకని ఏకాంతం అనేదే మనకి పావుగంట కూడా దొరకట్లేదు. నా అభిప్రాయం చెప్పమంటే, హాస్టల్ మంచం మీద అయిదుగురు పక్కపక్కనే పడుకుని ఎవరి రీల్స్ వాళ్లు చూసుకోవడం స్నేహమూ కాదు, ఏకాంతమూ కాదు. రెండింటి సమయాన్నీ ఒకేసారి మింగేసే మూడో వ్యవహారం అది.

మరి అందరూ కలిసి కూర్చుంటే కొత్త ఆలోచనలు బాగా పుడతాయి అంటారే, దాని సంగతేమిటి? బ్రెయిన్‌స్టార్మింగ్ అనే ఆ పద్ధతిని ప్రచారం చేసినవాడు అలెక్స్ ఆస్‌బర్న్, ప్రకటనల కంపెనీ మనిషి. 1958లో యేల్ యూనివర్సిటీలో దాన్ని పరీక్షకి పెట్టారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనలు ఒక పక్క. నలుగురు విడివిడిగా కూర్చుని రాసినవి, ఒకేలా ఉన్నవి తీసేసి కలిపినవి ఇంకో పక్క. విడివిడి వాళ్లవే దాదాపు రెట్టింపు తేలాయి. ఎందుకంటే, 1987లో జర్మనీలో డీల్, ష్ట్రోబె అనే ఇద్దరు తరిచి చూస్తే పెద్ద కారణం చాలా మామూలుదిగా తేలింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తట్టింది చల్లారిపోతుంది.

ఒలింపియా వాళ్లు చేసింది బ్రెయిన్‌స్టార్మింగ్ కాదు. ముగ్గురే. ముందు ఒక పుస్తకం. దాని మీద పోట్లాట. కొత్త ఆలోచన పుట్టించాలని అక్కడెవరూ కూర్చోలేదు. సాయంత్రాలు అలా గడిపాక వేసవి రాత్రుల్లో ఊరి పక్క గుర్టెన్ కొండెక్కి సూర్యోదయం చూసొచ్చేవాళ్లు. ఒక్కోసారి పొద్దున్నే ఆరింటికి బయలుదేరి మధ్యాహ్నానికి థూన్ సరస్సు దాకా నడిచేవాళ్లు, సుమారు 30 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణం రైల్లో.

ఇక నిద్ర. ఇది మీ హాస్టల్ పిల్లలందరికీ చెప్పాల్సిన సంగతి. బెసోతో మాట్లాడిన మర్నాడే చిక్కు విడిపోవడం వింతే గానీ, అంతుపట్టని వింత కాదు. 2004లో జర్మనీలో లూబెక్‌లో ఉల్రిష్ వాగ్నర్, యాన్ బోర్న్ తదితరులు అంకెల ఆట ఒకటి ఆడించారు. వరసగా లెక్కలు చేసుకుంటూ పోవాలి. లోపల ఒక దొడ్డిదారి ఉంది, అది కనిపెడితే లెక్క క్షణంలో అయిపోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాసేపు ఆడించి, 8 గంటల విరామం ఇచ్చారు. ఆ 8 గంటలూ నిద్రపోయి వచ్చినవాళ్లలో 59 శాతం మంది దొడ్డిదారి పట్టేశారు. మెలకువగా ఉన్నవాళ్లలో 23 శాతం మంది. అయితే ముందు కాసేపు ఆడి ఉండాలి సుమా. పుస్తకం తెరవకుండా పడుకుంటే తట్టేదేమీ లేదు.

కుర్రతనంలో జట్టు అనేది మనిషిని ఎంత మారుస్తుందో కూడా చెప్పాలి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు, కంప్యూటర్లో కారు నడిపే ఆట పెట్టారు. పసుపు దీపం వెలిగాక ఆగితే క్షేమం, ఇంకాస్త ముందుకు పోతే ఎక్కువ పాయింట్లు, గుద్దితే అన్నీ పోతాయి. ఒంటరిగా ఆడించారు, పక్కన తోటివాళ్లని నిలబెట్టీ ఆడించారు. పక్కన జట్టు ఉంటే 13–16 ఏళ్ల వాళ్లూ, 18–22 ఏళ్ల వాళ్లూ మరింత తెగించారు. 24 దాటిన వాళ్ల మీద ఆ ప్రభావం పెద్దగా లేదు. అంటే నీ వయసులో పక్కన ఎవరున్నారన్నది నీ చేతి మీద పనిచేస్తుంది. పక్కన ఉన్నది హ్యూమ్ పుస్తకం తెచ్చేవాడా, బైకు రేసుకి పిలిచేవాడా అన్న తేడా అందుకే అంత పెద్దది.

"పోస్ట్ చేస్తే లైకులు వస్తే ఉత్సాహం వస్తుంది తాతయ్యా, అది తప్పా?" అంది. తప్పని నేనెందుకంటాను! కానీ ఎడ్వర్డ్ డెసీ 1971లో చేసిన ప్రయోగం ఒకటి విను. సోమా అని ఏడు ముక్కల చెక్క పజిల్ ఉంటుంది. విద్యార్థులకి ఇచ్చి ఆడమన్నాడు. కొందరికి తేల్చిన ప్రతి పజిల్‌కీ ఒక డాలరు ఇచ్చాడు, మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. మధ్యలో ఏదో పని ఉన్నట్టు కాసేపు గది వదిలి వెళ్లేవాడు. బల్ల మీద పత్రికలున్నాయి, పజిల్ ఉంది, ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. డబ్బు ఇవ్వడం ఆపేశాక, డబ్బు రుచి చూసినవాళ్లు ఖాళీ సమయంలో పజిల్ ముట్టుకోవడం తగ్గింది. డెసీకి లైకుల సంగతి తెలీదు. నాకు తోచింది చెప్తున్నాను, నీ బొమ్మల కథ సగం అయ్యేదాకా ఎవరికీ చూపించకు. అల్లరి ఖాతాలో ఉన్నదాన్ని జీతం ఖాతాలోకి మార్చడానికి తొందరేం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, మా పిల్ల అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. అది నేనే అడిగాను. ఎనిమిది గంటల ఆఫీసు, ఎనిమిది గంటల అల్లరి, ఎనిమిది గంటల నిద్ర. మరి వంట ఎవరు చేశారు? చంటిపిల్లాడిని ఎవరు ఎత్తుకున్నారు?

మిలేవా మారిచ్. సెర్బియా అమ్మాయి. జూరిక్‌లో ఆ తరగతి మొత్తానికీ ఒక్కతే ఆడపిల్ల. ఐన్‌స్టీన్‌తో కలిసి అవే పాఠాలు చదివింది. 1900లో, మళ్లీ 1901లో చివరి పరీక్ష తప్పింది. రెండోసారి రాసేనాటికి కడుపుతో ఉంది. పెళ్లికి ముందే 1902 జనవరిలో ఆడపిల్ల పుట్టింది, ఆ పసిదాని ఆచూకీ 1903 తర్వాత ఏ కాగితంలోనూ దొరకదు. పెళ్లయ్యాక అకాడమీ వాళ్ల ఇంట్లోనే జరిగేది. మిలేవా శ్రద్ధగా వింటూ కూర్చునేదనీ, చర్చలో మాత్రం కలగజేసుకునేది కాదనీ సోలొవీన్ రాశాడు. ఎందుకు మాట్లాడేది కాదో ఆయన రాయలేదు. 1914లో భార్యాభర్తలు విడిపోయారు, 1919లో విడాకులు. ఐన్‌స్టీన్ పత్రాల్లో ఆమె పాలు ఎంత అన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, ఆ తగువులోకి నేను దిగను. కానీ ఆ ఇంట్లో అల్లరికి మిగిలిన గంటలు ఒక్కరికే మిగిలాయి. ఫిజిక్స్ పుస్తకాల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు, ఇళ్లలో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మనవరాలికి చెప్పాను, రేపు నువ్వు ఎవరితో కాపురం చేసినా ఆ ఎనిమిది గంటలు ఇద్దరికీ మిగులుతున్నాయా అని చూసుకో. మనవడికి ఇంకా గట్టిగా చెప్పాను. మీ బామ్మ వంటింట్లోంచి, ఇప్పుడు తెలిసిందా ఈయనకి, అంది. ఆ సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు.

చివరికి పిల్ల అసలు మాట బయటపెట్టింది. "ఆయనంటే ఐన్‌స్టీన్ తాతయ్యా. నా బొమ్మలు ఏ నోబెల్ తెస్తాయని?"

అకాడమీలో ముగ్గురున్నారు కదమ్మా. హబిష్ట్ స్కూల్లో లెక్కల మాస్టారయ్యాడు. అతనూ, తమ్ముడు పాలూ, ఐన్‌స్టీనూ కలిసి కొన్నేళ్ల పాటు అతి చిన్న విద్యుత్ వోల్టేజీని కొలిచే యంత్రం ఒకటి తయారుచేయడానికి తంటాలుపడ్డారు. 'బుల్లి యంత్రం' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అది మార్కెట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. సోలొవీన్ పారిస్ వెళ్లి పుస్తకాల సంపాదకుడూ అనువాదకుడూ అయ్యాడు, ఐన్‌స్టీన్ రచనలని ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఇద్దరికీ ఏ పెద్ద బహుమతీ రాలేదు. ఆ సాయంత్రాలు వాళ్లకి దండగ అయ్యాయా? 1953లో హబిష్ట్ పారిస్ వెళ్లినప్పుడు ఇద్దరూ కూర్చుని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కి ఒక కార్డు రాసి పడేశారు. అధ్యక్షుడికి అప్పుడు 74 ఏళ్లు, ప్రపంచంలో అతని పేరు తెలియని చదువరి లేడు. జవాబు వెంటనే రాశాడు. ఆ జవాబు సోలొవీన్ పేరు మీదా కాదు, హబిష్ట్ పేరు మీదా కాదు. నేరుగా ఒలింపియా అకాడమీ వారికి, సభ్యుడి హోదాలో. అంతకు కొన్నేళ్ల ముందే సోలొవీన్‌కి రాసిన ఉత్తరంలో, పేరున్న అకాడమీలు చాలానే లోపలి నుంచి చూశాను, మనది వాటికంటే చిన్నపిల్లల చేష్టలు తక్కువున్న అకాడమీ అని మెచ్చుకున్నాడు.